నల్లగొండ ఇంట్లో స్విచ్ బోర్డుల పని: డైరీ

మే 24

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసి పెట్టుకుంటాను, లేకపోతే మధ్యలో కొత్త కోరికలు పుట్టి అసలుది పక్కకు పోతుంది. పానగల్ రోడ్డు వైపు మా ఇల్లు, 2001లో కట్టింది. నానమ్మ మంచం హాల్లో ఒక మూలకు ఉంటుంది, స్విచ్ బోర్డు ఇంకో చివర తలుపు పక్కన. రాత్రి లేవాలంటే చీకట్లో పన్నెండు అడుగులు నడిచి లైటు వేసుకోవాలి. ఉగాదికి ముందు అలాగే టీపాయ్ తట్టుకుని పడింది. ఎముక విరగలేదు కానీ నెల రోజులు మోకాలు వాచే ఉంది. జీరో బల్బు రాత్రంతా వేసి ఉంచుదామంటే వెలుతురులో ఆమెకు నిద్ర పట్టదు. మంచం దగ్గర ఒక బటన్ ఉండాలి, నొక్కితే జీరో బల్బు వెలగాలి. మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదొక్కటే, మిగతావన్నీ దాని వెంట వచ్చేవి.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, శని ఆదివారాలు మాత్రమే ఇక్కడ చెయ్యగలను. హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో పరికరాలను ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) నడవడానికి పాత రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కార్డు ఒకటి ఉంది, స్విచ్‌లతో వైర్‌లెస్‌గా మాట్లాడే జిగ్‌బీ కోసం యూఎస్‌బీ డాంగిల్ కొన్నాను, స్విచ్‌ల వెనకాల పెట్టే నాలుగు గ్యాంగుల మాడ్యూల్స్ మూడు తెచ్చాను. గ్యాంగ్ అంటే ఇంకేం లేదు, ఒక్కో స్విచ్‌కు ఒక్కో రిలే, అంటే కరెంటుతో నడిచే చిన్న స్విచ్. ఒక మాడ్యూలు నాలుగు పాయింట్లను విడివిడిగా నడిపిస్తుంది. గోడ మీద ఉన్న స్విచ్‌లు అలాగే ఉంటాయి, ఫోన్ లేని మనిషి కూడా ఎప్పటిలాగే నొక్కుకోవచ్చు. గ్లాస్ టచ్ ప్యానెల్ వద్దనుకున్నది అందుకే. నానమ్మ చూపు సరిగ్గా ఆనదు, స్విచ్‌ను వేలితో తడిమి గుర్తుపడుతుంది.

మే 25

హాలు బోర్డు విప్పాం. క్లాక్ టవర్ దగ్గర షాపు ఉన్న ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు, ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసింది ఆయన మేనమామే. మెయిన్ ఎంసీబీ (ఇంటికి కరెంటు ఆపే బ్రేకరు) దించి ప్లేటు తీస్తే లోపల బల్లి గుడ్ల పెంకులు, ఎండిన చీమలు, జిగురు పోయి ఊడొచ్చిన నల్ల టేపు. వైర్లన్నీ ఎర్రవే. ఏది ఫేజో (కరెంటు తెచ్చే వైరు) ఏది లైటుకు పోయేదో రంగు చూసి చెప్పే పరిస్థితి లేదు.

అన్న టెస్టర్ పెట్టాడు. ఎంసీబీ దించినా టెస్టర్ వెలిగింది. "ఆగు తమ్మీ, ఇన్వర్టర్ బంద్ చేసినవా?" అన్నాడు. చెయ్యలేదు. మన ఇళ్లల్లో ఒకే బోర్డులోకి రెండు ఫేజులు వస్తుంటాయి, ఒకటి కరెంటుది, ఇంకొకటి ఇన్వర్టర్‌ది. మెయిన్ దించితే మొదటిదే పోతుంది. రెండోది బ్యాటరీ మీద 230 వోల్టులతో అలాగే ఉంటుంది. ఈ డైరీ చూసి ఎవరైనా తమ ఇంట్లో బోర్డు విప్పాలనుకుంటే ఈ ముక్క ముందు చదవాలి. ఇన్వర్టర్ స్విచ్ ఆపాలి, ప్రతి వైరుకూ టెస్టర్ పెట్టి చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. వైరింగ్ రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోవాలి.

ఆ రెండు ఫేజుల వల్లనే మొదటి చిక్కు వచ్చింది. ఎడమ నుంచి ట్యూబ్‌లైటు, ఫ్యాన్, జీరో బల్బు, వరండా లైటు, చివర ప్లగ్గు పాయింటు. మొదటి మూడూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, వరండా లైటు నేరుగా కరెంటు మీద. మేం తెచ్చిన మాడ్యూలుకు ఫేజ్ ఇచ్చే చోటు ఒకటే, అదే నాలుగు రిలేలకూ పోతుంది. అంటే ఒక మాడ్యూలు కింద నాలుగూ ఒకే ఫేజు మీద ఉండాల్సిందే. పొరపాటున రెండు ఫేజుల్నీ కలిపితే కరెంటు వచ్చినప్పుడు ఇన్వర్టర్ కాలిపోతుంది. వరండాలో ఉన్నది 9 వాట్ల ఎల్ఈడీ బల్బే కాబట్టి దాన్ని కూడా ఇన్వర్టర్ వైపు మార్చాం. మా ఇంట్లో న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) అన్నిటికీ ఒకటే, ఫేజ్ మారిస్తే సరిపోయింది. ఇన్వర్టర్‌కు న్యూట్రల్ వేరుగా లాగిన ఇళ్లల్లో అది కూడా మార్చాలి. ప్లగ్గు పాయింటును ముట్టలేదు. ఇస్త్రీ పెట్టె పెట్టేది అక్కడే, ఆ లోడు చిన్న రిలే మీద వెయ్యడం నాకు ఇష్టం లేదు.

న్యూట్రల్ విషయంలో అదృష్టం బాగుంది, ప్లగ్గు పాయింటు ఉంది కనుక బోర్డులోనే దొరికింది. మాడ్యూలు ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి దానికి న్యూట్రల్ కావాలి. బెడ్‌రూములో ఒక చిన్న బోర్డులో ప్లగ్గు లేదు, న్యూట్రల్ కూడా లేదు. గోడ అవతల వంటింటి బోర్డు నుంచి తెచ్చుకుందామా అని అడిగితే అన్న గట్టిగానే వద్దన్నాడు. వంటింటి లైను ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు) మీద ఉంది, బెడ్‌రూము లైను లేదు. ఒక లైను ఫేజు, ఇంకో లైను న్యూట్రల్ కలిస్తే ఆర్‌సీసీబీకి పోయిన కరెంటూ వచ్చిన కరెంటూ లెక్క కుదరదు, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి అది పడిపోతుంది. ఒక్క మాడ్యూలు తాగేది కొద్ది మిల్లీ ఆంపియర్లే కాబట్టి ఆ రోజే పడకపోవచ్చు, కానీ ఏ వర్షాకాలంలోనో ఊరికే పడుతుంటే కారణం వెతకడానికి ప్రాణం పోతుంది. దానికంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. రేపు ఎవరో వంటింట్లో పని చేస్తూ ఆ న్యూట్రల్‌ను విడదీస్తే, కరెంటు లేదనుకున్న ఆ వైరు చివరకు బెడ్‌రూము ఫేజు మాడ్యూలు గుండా వచ్చి కూర్చుంటుంది. అందుకే బెడ్‌రూము లైను న్యూట్రల్‌నే పైపులో కొత్తగా లాగాం. గంటన్నర పట్టింది. సబ్బు నీళ్లు రాసి, స్ప్రింగ్ వేసి లాగితే వచ్చింది.

సాయంత్రం చూస్తే హాలు మాడ్యూలు పెట్టెలో పట్టలేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ వెనక భాగమే సగం చోటు తినేస్తుంది, దాని వేడి కూడా మాడ్యూలుకు మంచిది కాదు. పక్కనే ఒక సర్ఫేస్ బాక్స్ బిగించి అందులో పెట్టాం. చూడ్డానికి కొంచెం ఉబ్బెత్తుగా ఉంది, పర్వాలేదు.

మే 26

సెలవు పెట్టాను. డాంగిల్‌ను నేరుగా రాస్‌ప్‌బెర్రీ పై కార్డు యూఎస్‌బీకి గుచ్చలేదు, మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరిపాను. యూఎస్‌బీ 3 పోర్టు దగ్గర పుట్టే రేడియో రొద కూడా జిగ్‌బీ నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది, దగ్గర పెడితే రేంజ్ బాగా పడిపోతుంది. చానెల్ 25 పెట్టాను. జిగ్‌బీకి 11 నుంచి 26 వరకు చానెళ్లు ఉన్నాయి. జిగ్‌బీ పరికరాలను హోమ్ అసిస్టెంట్‌కు కలిపే జిగ్‌బీ2ఎంక్యూటీటీ సాఫ్ట్‌వేర్ దానంతట అది 11 తీసుకుంటుంది, అది వైఫై 1వ చానెల్ కిందకు వస్తుంది. మా రౌటర్, పక్కింటి వాళ్లది రెండూ 1 మీదే ఉన్నాయి. ఇది మొదటి రోజే తేల్చుకోవాలి, అన్నీ జత చేశాక చానెల్ మారిస్తే కొన్నిటిని మళ్లీ మొదటి నుంచి కలపాల్సి వస్తుంది.

మాడ్యూలు జత అయింది. తెర మీద ఒకే పరికరం, దాని కింద ఎల్1, ఎల్2, ఎల్3, ఎల్4 అని నాలుగు స్విచ్‌లు. జిగ్‌బీ భాషలో ఒక్కో గ్యాంగు ఒక్కో ఎండ్‌పాయింట్. ఎల్1 నొక్కాను, వరండా లైటు వెలిగింది. ఎల్2కు ట్యూబ్‌లైటు, ఎల్3కు ఫ్యాన్, ఎల్4కు జీరో బల్బు. అన్నీ ఎర్ర వైర్లే కదా, చేతికి ఏది ముందు అందితే అది బిగించేశాం.

పేర్లు మార్చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పని. చాలాసేపు ఆలోచించి మళ్లీ ఇన్వర్టర్ బంద్ చేసి, ఎంసీబీ దించి, వైర్లు మార్చాను. గోడ మీద ఎడమ చివర ఉన్నదే ఎల్1, కుడికి పోయేకొద్దీ 2, 3, 4. ఇంట్లో ప్రతి బోర్డుకూ ఇదే లెక్క. పేర్లు ఒక తెర మీదే ఉంటాయి, వైర్లు గోడలో ఉంటాయి. రేపు ఈ రాస్‌ప్‌బెర్రీ పై కార్డు పాడైపోయి నేను ఊళ్లో లేకపోతే, బోర్డు విప్పిన మనిషికి నా పేర్లు కనబడవు, అంకెలే కనబడతాయి. మాస్కింగ్ టేప్ ముక్కల మీద పెన్నుతో రాసి ఒక్కో వైరుకూ చుట్టాను. పెట్టె మూత లోపల వైపు కూడా అదే బొమ్మ గీసి అంటించాను.

మే 31

పేర్లు పెట్టే పని. హోమ్ అసిస్టెంట్‌లో కనబడే పేర్లన్నీ తెలుగులో పెట్టాను, అమ్మ ఫోన్‌లో చదువుకోవాలి కదా. లోపల ఐడీలు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచాను, ఆటోమేషన్లు (వాటంతట అవే జరగాల్సిన పనులు) రాసేటప్పుడు అదే తేలిక.

నాలుగూ 'స్విచ్' అనే వస్తాయి, దాన్ని అలా వదలకూడదు. ప్రతి గ్యాంగు సెట్టింగ్స్‌లో దేనిగా చూపించాలో మార్చుకోవచ్చు. ట్యూబ్‌లైటు, జీరో బల్బు, వరండాలను లైటుగా మార్చాను, ఫ్యాన్‌ను ఫ్యాన్‌గా. ఇలా చేస్తేనే 'హాల్లో లైట్లన్నీ ఆపు' అన్నప్పుడు ఫ్యాన్ ఆగకుండా ఉంటుంది. మే నెలాఖరు, రోహిణి కార్తె, నల్లగొండ ఎండ. ఈ రోజుల్లో నిద్రలో ఫ్యాన్ ఆగిపోతే ఈ ప్రాజెక్టు మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం మిగలదు. స్పీడు పాత రెగ్యులేటరే చూసుకుంటుంది. రిలే దానికి ముందు ఉంది, వెయ్యడం ఆపడం వరకే.

హాలు లైట్లు ఆపితే వరండా లైటు కూడా ఆరిపోతోంది. మాడ్యూలును హాల్లో పెట్టాను కాబట్టి దాని నాలుగు గ్యాంగులూ హాలు లెక్కలోకే పోయాయి. పరికరానికి ఒక గది ఉన్నా, దాని కింద ఒక్కో గ్యాంగుకు వేరే గది ఇవ్వవచ్చు. ఎల్4కు 'వరండా' ఇచ్చాను, సరిపోయింది. ఒకే బోర్డులో రెండు గదుల లైట్లు ఉండటం మన ఇళ్లల్లో మామూలే, కాబట్టి ఇది దాదాపు ప్రతి బోర్డుకూ చెయ్యాల్సిందే.

జూన్ 1

మా నాయిన చెప్పిన మాటతో ఈ రోజు పని సగం తిరగరాశాను.

పాత స్విచ్‌లు అలాగే ఉన్నాయి, మాడ్యూలులో స్విచ్ రకం 'టోగుల్' అని పెట్టాను. అంటే స్విచ్ ఎటు తిప్పినా లైటు స్థితి మారుతుంది. ఫోన్‌తో ఆపిన లైటును గోడ దగ్గర ఒక్కసారి నొక్కితే వెలుగుతుంది, రెండుసార్లు నొక్కాల్సిన పని లేదు. నాకు బాగానే అనిపించింది. నిన్న రాత్రి పడుకునే ముందు నాయిన బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూస్తున్నాడు. ఏమైందని అడిగితే అన్నాడు: "కిందికుంటె ఎలిగినట్టు, మీదికుంటె బంద్ అయినట్టు. ఇరవై ఏండ్ల సంది పండుకునే ముందు ఒక్క సూపు సూస్తె అర్థమైతుండె. వరండా లైటు బయటికి పోయి సూడకుంటనే తెలుస్తుండె. ఇప్పుడు మూడు కిందికున్నయ్, ఏదీ ఎలుగుతలేదు. గిదేం లెక్క?"

ఆయన మాట నిజం. ఆ బోర్డు ఆయనకు స్విచ్‌లు మాత్రమే కాదు, ఇంటి పరిస్థితి చెప్పే పలక కూడా. నేను దాని నోటితో అబద్ధం చెప్పిస్తున్నాను. 'స్టేట్' అనే ఇంకో రకం ఉంది, అందులో కిందికి ఉంటే వెలిగినట్టే. కానీ నానమ్మ మంచం దగ్గర బటన్‌తో మార్చిన ప్రతిసారీ అది కూడా తప్పుతుంది. అటూ ఇటూ ఆలోచించి పొద్దున్నే ప్రకాశం బజార్ వెళ్లి బెల్ పుష్ స్విచ్‌లు పన్నెండు తెచ్చాను. కాలింగ్ బెల్‌కు వాడే రకమే, సైజు మామూలు మాడ్యులర్ స్విచ్ అంత, నొక్కి వదిలితే మళ్లీ పైకి వచ్చేస్తుంది. మాడ్యూలులో రకాన్ని 'మొమెంటరీ'కి మార్చాను. ఇప్పుడు బోర్డు ఏమీ చెప్పదు, కానీ తప్పు కూడా చెప్పదు. ఆయనకు ఆ ఒక్క చూపు తిరిగి ఇవ్వడం ఇంకా బాకీ.

జూన్ 8

మిరుగు (మృగశిర కార్తె). సాయంత్రం పెద్ద గాలి, ఉరుములు, కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఉన్న హాలు మాడ్యూలు బాగానే ఉంది. బెడ్‌రూము మాడ్యూలు నేరుగా కరెంటు మీద ఉంది కాబట్టి ఆరిపోయింది. అనుకున్నదే. అనుకోనిది ఏమిటంటే, నానమ్మ మంచం బటన్ కోసం హాల్లో జత చేసి చూస్తున్న చిన్న రిమోట్ కూడా పలకడం మానేసింది. జిగ్‌బీలో న్యూట్రల్ ఉన్న మాడ్యూల్స్ పక్క పరికరాల మాటలు మోసుకెళ్లే రౌటర్లుగా కూడా పనిచేస్తాయి, ఆ రిమోట్ బెడ్‌రూము మాడ్యూలును పట్టుకుని ఉంది. మోసేవాడు పడిపోగానే దీని మాట ఎక్కడికీ పోలేదు, కాసేపటికి కొత్త దారి వెతుక్కుని మళ్లీ పలికింది. కానీ ఆ కాసేపు చీకట్లో నానమ్మ లేస్తే? కరెంటు పోయిన రాత్రే కదా ఆ బటన్ ఎక్కువ అవసరం.

అందుకని ఇంట్లో లైట్ల మాడ్యూల్స్ మూడూ ఇన్వర్టర్ ఫేజు మీదకే మార్చాలని నిర్ణయించాను. పై కార్డు, వైఫై రౌటర్ ఎలాగూ ఇన్వర్టర్ మీదే ఉన్నాయి. కరెంటు ఎప్పుడూ పోని ఊళ్ల వాళ్లు రాసిన సలహాల్లో ఇది కనబడదు.

రాత్రి 2:40కి కరెంటు వచ్చింది, బెడ్‌రూములో మూడు లైట్లూ ఫ్యాన్ ఒక్కసారిగా వెలిగాయి. అమ్మ ఉలిక్కిపడి లేచింది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్న సెట్టింగు 'ఆన్' మీద ఉంది. 'ముందున్నట్టే' అని మార్చాను. కొన్ని మాడ్యూల్స్‌లో ఇది గ్యాంగుకు ఒకటి చొప్పున ఉంటుంది, కొన్నిట్లో నాలుగిటికీ కలిపి ఒకటే. మాది రెండో రకం. ఫ్యాన్ కూడా అందులో ఉంది కాబట్టి 'ఆఫ్' పెట్టడం కుదరదు, ఎండాకాలం అర్ధరాత్రి కరెంటు వచ్చినా ఫ్యాన్ తిరగకపోతే కష్టం.

జూన్ 14

మంచం బటన్. హోమ్ అసిస్టెంట్‌లో ఆటోమేషన్ రాస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ పై కార్డు ఆగిపోతే బటన్ కూడా ఆగిపోతుంది. అందుకే బైండింగ్ చేశాను: రిమోట్ నేరుగా మాడ్యూలుతోనే మాట్లాడుతుంది, మధ్యలో కంప్యూటర్ ప్రమేయం ఉండదు. బ్యాటరీ రిమోట్ నిద్రలో ఉంటుంది కాబట్టి బైండ్ నొక్కే ముందు దాని బటన్ ఒకసారి నొక్కి లేపాలి.

మొదటిసారి బైండ్ అయింది, బటన్ నొక్కితే ట్యూబ్‌లైటు భగ్గుమంది. గమ్యం దగ్గర మాడ్యూలు పేరు మాత్రమే ఎంచుకున్నాను, దాంతో మొదటి గ్యాంగుకు పోయింది. నాలుగు గ్యాంగుల వాటితో బైండ్ చేసేటప్పుడు గమ్యం ఎండ్‌పాయింట్‌ను కూడా చెప్పాలి. జీరో బల్బు ఎడమ నుంచి మూడోది, కాబట్టి ఎల్3. మే 26న వైర్లు మళ్లీ వరుసలో పెట్టడానికి పట్టిన గంట ఇప్పుడు పనికొచ్చింది, గోడ వైపు చూసి అంకె చెప్పేశాను. పాత బైండింగ్ తీసేసి కొత్తది పెట్టాను. తర్వాత పై కార్డు ప్లగ్గు పీకేసి బటన్ నొక్కి చూశాను. వెలిగింది. నానమ్మ చేత కళ్లు మూసుకుని నాలుగైదుసార్లు నొక్కించాను. బటన్ మంచం కోడుకు అంటించాం, ఆమె చెయ్యి కిందికి వేలాడేసే చోట. తడిమితే తెలియాలని పైన చిన్న బొట్టుబిళ్ల అతికించింది అమ్మ.

జూన్ 15

నాయినకు బాకీ ఉన్న చూపు. తలుపు పక్కన పాత ఫోన్ ఒకటి గోడకు బిగించి, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచి, దాని మీద ఒకే ఒక అంకె పెద్దగా కనబడేలా పెట్టాను: ఇంట్లో వెలుగుతున్న లైట్లు ఎన్ని. కింద వాటి పేర్లు. వెలిగి ఉన్న లైట్లను లెక్కపెట్టే టెంప్లేట్ సెన్సర్ ఒకటి రాస్తే చాలు. రెండు లైట్లు వెలుగుతుంటే 3 చూపించింది. 'హాలు లైట్లు' అని నేను చేసిన గ్రూపును కూడా అది ఒక లైటుగానే లెక్కేస్తోంది. గ్రూపుల్ని లెక్కలోంచి తీసేశాక సరిగ్గా వచ్చింది.

రాత్రి పదిన్నరకు నాయిన దాని ముందు నిలబడి చూశాడు. 1, వరండా. బోర్డు మీద నాలుగో బటన్ నొక్కాడు, అంకె 0 అయింది. "ఇట్ల చెప్తె అయిపాయె గద" అని వెళ్లి పడుకున్నాడు.

జూన్ 21

'అన్నీ బంద్' నొక్కితే అప్పుడప్పుడు బెడ్‌రూములో ఒక లైటు మిగిలిపోతోంది, ఒక్కోసారి ఒక్కోటి. ఒకే మాడ్యూలుకు నాలుగు ఆజ్ఞలు ఒక్క క్షణంలో పంపితే ఒకదాన్ని మింగేస్తోంది. ఒక్కోదాని మధ్య 300 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను, ఇరవైసార్లు ప్రయత్నించినా ఒక్కటీ తప్పలేదు. వరుసగా ఆరుతున్నట్టు కంటికి కొంచెం తెలుస్తుంది, అంతే.

పొద్దున్న హిస్టరీ చూశాను. జీరో బల్బు 2:12కు వెలిగింది, 2:19కు ఆరింది. మళ్లీ 4:50కి. ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు. నానమ్మను అడిగితే "లేసిన బిడ్డా, ఏసుకున్న, పోయొచ్చిన, బంద్ చేసుకున్న" అంది.

మెట్ల లైటు మిగిలింది. టూ-వే వైరింగ్ (కింద నుంచీ పై నుంచీ వేసుకునేది), కింద పైన రెండు పెట్టెల్లోనూ న్యూట్రల్ లేదు. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూల్స్ దొరుకుతాయి కానీ వాటితో చిన్న ఎల్ఈడీ ఆపినా మినుకుమినుకుమనవచ్చు, పైగా అవి సాధారణంగా రౌటర్లుగా పనిచేయవు. పైన పెట్టె నుంచి బల్బు దాకా పైపులో ఒక్క న్యూట్రల్ వైరు లాగితే, రెండు పెట్టెల మధ్య ఇప్పుడున్న రెండు వైర్లలో ఒకటి ఫేజుకు, ఇంకొకటి బెల్ పుష్‌కు సరిపోతాయి. వచ్చే ఆదివారం అన్న వస్తానన్నాడు. ఒక చదరపు మిల్లీమీటరు నల్ల వైరు పదిహేను మీటర్లు తెచ్చి పెట్టాలి.